అసెంబ్లీ లైన్ వరుస కూర్చే పని వృత్తిగా పనికొస్తుందా?

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లైన్‌పై ఏ మోడల్ తర్వాత ఏది రావాలో నిర్ణయించే విభాగంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఈ పని బాగా నచ్చింది. దీన్నే వృత్తిగా ఎంచుకోవచ్చా? కోడింగ్ వస్తే సరిపోతుందా?

జవాబు: నిరభ్యంతరంగా ఎంచుకోవచ్చు. అయితే ఉద్యోగ ప్రకటనల్లో ప్రొడక్షన్ ప్లానింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్ (ఉత్తమ నిర్ణయాన్ని గణితంతో వెతికే శాస్త్రం) అనే పేర్ల కింద వెతకాలి.

మీ ఇష్టం ఎంత గట్టిదో ఒక చిన్న లెక్కతో చూసుకోండి. రెండు వస్తువులున్నాయి. ఏదైనా మొదటి యంత్రం మీద పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లాలి. ‘క’కు మొదటిదానిపై 1 గంట, రెండోదానిపై 5 గంటలు పడుతుంది. ‘ఖ’కు తలకిందులుగా 5, 1. ‘ఖ’ను ముందు ఎక్కిస్తే మొత్తం పని 11 గంటలకు తెములుతుంది, ‘క’ను ముందు ఎక్కిస్తే 7 గంటలకే. కొత్త యంత్రం కొనలేదు, ఎవరిచేతా ఓవర్‌టైమ్ చేయించలేదు! రెండు యంత్రాలున్నప్పుడు ఉత్తమమైన వరుస తేల్చే సూత్రాన్ని గణితవేత్త ఎస్.ఎం. జాన్సన్ 1954లోనే ప్రచురించారు. మూడో యంత్రం చేరితే ఆ సులువు పోతుంది. 10 పనులను పేర్చడానికే 36,28,800 వరుసలున్నాయి మరి.

అసలు చిక్కు గణితానికి అవతల ఉంది. కార్ల కర్మాగారాన్నే తీసుకోండి. రంగు మార్చిన ప్రతిసారీ స్ప్రే గన్లు కడగాలి, ద్రావకం వృథా అవుతుంది కాబట్టి పెయింట్ విభాగం ఒకే రంగు కార్లు వరుసగా కావాలంటుంది. ఆ గుంపులో సన్‌రూఫ్ కార్లు వెంటవెంటనే వస్తే అసెంబ్లీలో వాటిని బిగించేవారు అందుకోలేరు, లైన్ ఆగుతుంది. ఒకరి పొదుపు మరొకరికి నష్టం. ఫ్రాన్స్ ఆపరేషన్స్ రీసెర్చ్ సంఘం రోడెఫ్ 2005లో పెట్టిన పోటీకి కార్ల సంస్థ రెనో ఇచ్చిన సమస్య ఇదే.

కోడింగ్ కావాలి. పైథాన్, ఇంటిజర్ ప్రోగ్రామింగ్ (జవాబులు పూర్ణసంఖ్యలే కావాల్సిన చోట ఉత్తమమైనది వెతికే గణిత పద్ధతి) నేర్చుకోండి. ఇలాంటి లెక్కలు తేల్చే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఓఆర్-టూల్స్ ఉచితంగా దొరుకుతుంది. కానీ ఒక మోడల్ నుంచి మరోదానికి మారడానికి పట్టే సమయం తప్పుగా రాసి ఉంటే ఎంత గొప్ప ప్రోగ్రామైనా తప్పుడు వరుసే ఇస్తుంది. పైగా ఉదయం వేసిన ప్రణాళిక, విడిభాగాల లారీ ఆలస్యమైతే మధ్యాహ్నానికి చిత్తుకాగితం. అప్పుడు సేల్స్ వాళ్ల చీవాట్లు మీకే! ఆ చీవాట్లు మీకు సరిపడవనుకుంటే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల వైపు చూడండి.

ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన రోజుల్లో స్టాప్‌వాచ్ పట్టుకుని లైన్ పక్కన నిలబడండి. ఏ మోడల్ నుంచి దేనికి మారడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో పట్టిక వేయండి. సూపర్‌వైజర్ వరుస మార్చినప్పుడల్లా కారణం అడిగి రాసుకోండి. సంస్థ అనుమతిస్తే చివరి సంవత్సరం ప్రాజెక్టుకు ఆ పట్టికే ముడిసరుకు.