అమ్మడికి పిన్ని ఉత్తరం: స్కాలర్‌షిప్ డబ్బును అమెరికా పన్ను రిటర్నులో ఎలా చూపించాలి

అమ్మడూ,

నిన్న ఫోన్లో "స్కాలర్‌షిప్ కూడా ఆదాయమేనా పిన్నీ?" అని అడిగినప్పుడే నీ టెన్షన్ అర్థమైంది. నోటితో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కాగితాలన్నీ ముందేసుకుని చదువు.

నీకు ఆ అనుమానం రావడం సహజమే. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా, మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చినా పన్ను మాటే ఎవరూ ఎత్తరు. 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 10(16) కింద చదువు ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్‌కి మినహాయింపు ఉంది. అమెరికాలో అలా కాదు, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో చూస్తారు. డిగ్రీ చదివేవాళ్లకి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, కోర్సులో అందరూ కొనాల్సిన పుస్తకాలు, పరికరాలు, వీటికి పోయినంత వరకు పన్ను లేదు. అద్దెకీ, తిండికీ, విమానం టికెట్టుకీ పోయింది మాత్రం ఆదాయమే.

నీ లెక్కే వేద్దాం. 2025లో నీకు వచ్చింది 30,000 డాలర్లు. ట్యూషన్, ఫీజులు 22,000. పుస్తకాలు 800. మిగిలిన 7,200 నీ గది అద్దెకీ, సరుకులకీ పోయాయి. రిటర్నులో చూపించాల్సింది ఆ 7,200 మాత్రమే, మొత్తం ముప్ఫై వేలు కాదు. కానీ ముందు నీ అవార్డు లెటర్ ఒకసారి తీసి చదువు. "ఇంత మొత్తం వసతికి" అని అందులో విడిగా రాసి ఉంటే, ఆ మొత్తాన్ని ట్యూషన్ కింద చూపించుకోవడం కుదరదు.

ట్యూషన్ వివరాలుండే 1098-టీ ఫారం రాలేదని కంగారు పడకు. నాన్‌రెసిడెంట్ (పన్ను లెక్కల్లో అమెరికా నివాసి కాని) విద్యార్థులు అడక్కపోతే కాలేజీ అది ఇవ్వాల్సిన పని లేదు. కాలేజీ పోర్టల్లో నీ అకౌంట్ స్టేట్‌మెంట్ జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రింట్ తీసుకో, చాలు. పుస్తకాల బిల్లులు ఒక కవర్లో వేసి, పైన సంవత్సరం రాసి పెట్టు. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఇక ఏ ఫారం అన్నది. నువ్వు 2024 ఆగస్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చావు. నాలుగు నెలలే ఉన్నా 2024ని పూర్తి సంవత్సరం కిందే లెక్కేస్తారు. అలా ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, అంటే 2028 దాకా, నువ్వు పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్‌వే. నీ ఫారం నాన్‌రెసిడెంట్లు నింపే రిటర్ను, 1040-ఎన్ఆర్. దానితోపాటు, విద్యార్థిగా నీ రోజులు నివాసం లెక్కలోకి రావని చెప్పే 8843 ఫారం కూడా పంపాలి. పైసా ఆదాయం లేని ఏడాది కూడా ఆ 8843 మాత్రం తప్పదు.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను అమ్మడూ. 2004లో మా అపార్ట్‌మెంట్లో నలుగురం ఉండేవాళ్లం. అందరూ ఒకే సాఫ్ట్‌వేర్లో రెసిడెంట్ల మామూలు 1040 నింపేస్తున్నారని నేనూ నింపేశాను. చదువు క్రెడిట్ అని పన్నులో తగ్గింపు వస్తే అదీ తీసుకున్నాను. రిఫండ్ చెక్కు వచ్చింది, చలికోటు కొనుక్కున్నాను. నాన్‌రెసిడెంట్‌కి ఆ క్రెడిట్ రాదని రెండేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరాక తెలిసింది. 1040-ఎక్స్‌తో సరిదిద్ది, వడ్డీతో సహా కట్టాను. డబ్బు కంటే ఆ నెలంతా నిద్ర పట్టకపోవడమే ఎక్కువ బాధ. అందుకే నీకు ఇంతగా చెబుతున్నాను, రూమ్‌మేట్ ఏ ఫారం నింపిందో చూసి నువ్వు నింపకు.

కాలేజీ నీ స్కాలర్‌షిప్‌లో పన్ను పడే భాగం మీద 14 శాతం ముందే పట్టుకుని ఉంటే, నీకు 1042-ఎస్ అనే కాగితం వస్తుంది. అందులో ఆదాయం కోడ్ 16 అని ఉంటే అది స్కాలర్‌షిప్ డబ్బే. ఆ ఫారం ఇవ్వడానికి కాలేజీకి మార్చి 15 దాకా గడువు ఉంటుంది. జీతం వివరాలుండే డబ్ల్యూ-2 ఫారం జనవరి చివరికే వచ్చేస్తుంది కదా అని ఫిబ్రవరిలోనే ఫైల్ చేసేసే పిల్లల్ని ఎంతమందిని చూశానో! ఆగు. 1042-ఎస్ చేతికి రానివ్వు. ఒకవేళ అసలు రాకపోయినా, పన్ను పడే డబ్బు ఉంటే చూపించాల్సింది నువ్వే. కాగితం రాలేదు కాబట్టి లెక్కలేదు అనుకోకూడదు.

ఆ 7,200ని షెడ్యూల్ 1లో 8ఆర్ వరుసలో రాయి. లైబ్రరీ ఉద్యోగంలో వచ్చిన 9,000 డబ్ల్యూ-2లో ఉంది కాబట్టి జీతం వరుసలోకి వెళుతుంది. రెండూ కలపకు. స్కాలర్‌షిప్ మీద పట్టుకున్న పన్నును 1040-ఎన్ఆర్‌లో 25జీ వరుసలో చూపిస్తేనే నీకు జమ అవుతుంది.

మన పిల్లలకి మాత్రమే ఉన్న ఒక మంచి విషయం చెబుతా విను. నాన్‌రెసిడెంట్లకి మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం, రాదు. కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం మన విద్యార్థులకి వస్తుంది. ఒంటరిగా ఫైల్ చేసేవాళ్లకి 2025కి అది 15,750 డాలర్లు. నీ 7,200, 9,000 కలిపితే 16,200. అందులోంచి అది తీసేస్తే మిగిలేది 450. దాని మీద పన్ను 10 శాతం, అంటే దాదాపు 45 డాలర్లు. కాలేజీ స్కాలర్‌షిప్ మీద ఆ 14 శాతం పట్టి ఉంటే అది 1,008. ఎంత వెనక్కి వస్తుందో చూశావా! ఒప్పందం సంగతి తెలియక దీన్ని వదిలేసుకునే పిల్లల్ని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నీ డబ్ల్యూ-2లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పన్నుల గడులు ఖాళీగా ఉన్నాయో లేదో చూడు. ఎఫ్-1 నాన్‌రెసిడెంట్‌కి అవి పట్టకూడదు. పట్టి ఉంటే ముందు పేరోల్ వాళ్లని అడుగు.

నీ రూమ్‌మేట్‌కి తెలంగాణ ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి ఇచ్చిందన్నావు. అది మన దేశం నుంచి వచ్చిన డబ్బు, అమెరికాలో పుట్టిన ఆదాయం కాదు. నాన్‌రెసిడెంట్‌గా ఇక్కడ దాన్ని చూపించక్కర్లేదని ఆ అమ్మాయికి చెప్పు. మీ నాన్న తీసిన ఎడ్యుకేషన్ లోన్ కూడా ఆదాయం కాదు.

రాష్ట్రం పన్ను విడిగా ఉంటుంది. నువ్వు టెక్సస్‌లో ఉన్నావు కాబట్టి ఆ గొడవ లేదు.

గడువు ఏప్రిల్ 15. మీ ఇంటర్నేషనల్ ఆఫీసు నాన్‌రెసిడెంట్ సాఫ్ట్‌వేర్‌కి కోడ్ ఇస్తుందేమో మెయిల్ పెట్టి అడుగు, చాలా కాలేజీలు ఉచితంగా ఇస్తాయి. మార్చి మూడో శనివారం నాకు, మీ బాబాయికి సెలవే. 1042-ఎస్, డబ్ల్యూ-2, అకౌంట్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని వీడియో కాల్ చెయ్యి. సబ్మిట్ నొక్కే ముందు ఒక్కో వరుసా ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పిన్ని