హెచ్7 దగ్గర బిషప్‌ని బలి ఇచ్చినా దాడి ఎందుకు ఆగిపోయింది?

ఇలా అడుగుతూ మీరు పంపిన, పర్లాకిమిడిలో తెల్లపావులతో ఆడిన చదరంగం ఆట ఇది (హెచ్7 లాంటివి గడుల పేర్లు: అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస): బిషప్‌తో హెచ్7 బంటును కొట్టి చెక్, నల్లరాజు దాన్ని తిన్నాడు, మీ గుర్రం జి5కి వచ్చి చెక్, రాజు జి8కి, మంత్రి హెచ్5కి. అప్పుడు నల్లవాడు సి8 బిషప్‌ని ఎఫ్5కి తెచ్చాడు. అంతే, ఒక్క బంటుకి బిషప్ పోయింది. గుణుపూర్ పాసింజర్లో కూర్చుని ఫోన్‌లో వేసి చూశాను. మీ ఎత్తుల వరస తప్పు కాదు, సమయం తప్పు.

ఈ బలిని గ్రీక్ గిఫ్ట్ అంటారు. 17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు గ్రేకో రాతప్రతుల్లోనే ఇది కనిపిస్తుంది. మంత్రి హెచ్7కి చేరితేనే మాట్ (ఆటకట్టు), కాబట్టి నల్లపావు ఏదీ ఆ గడిని కాయకూడదు. ఎఫ్6లో గుర్రం ఉంటే కాస్తుంది, మీ ఈ5 బంటు దాన్ని అక్కడికి రానివ్వలేదు, అది బాగుంది. కానీ నల్లవాడి ఈ6 బంటు లేదు, డి7 కూడా ఖాళీ. దాంతో బిషప్‌కి దారి తెరిచే ఉంది. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో (నల్లవాడు మొదటి ఎత్తులోనే బంటును ఈ6కి జరిపే ఆరంభం) ఈ బలి తరచు పండేది ఆ ఈ6 బంటు అడ్డుగా ఉండటం వల్లే.

ఇంకోటి, రాజు జి8కి కాకుండా జి6కి వస్తే ఏం చేస్తారో ముందే లెక్కించారా? అసలు కష్టం అక్కడే. మామూలుగా మంత్రి జి4కి, లేదా హెచ్ బంటు రెండు గడులు ముందుకి. చాలామంది జి8 ఒక్కటే చూసుకుని బిషప్‌ని ఇచ్చేస్తారు (నేనూ ఇచ్చాను, రెండుసార్లు).