ఎల్క్ వేటకి తాడూ కప్పీ కొనే ముందు

అల్లుడూ,

కొలరాడోలో నీకు ఎల్క్ అనే ఆ పెద్ద జింకను వేటాడే లైసెన్స్ వచ్చిందని తెలిసి చాలా సంతోషమేసింది. నువ్వు పంపిన హాయిస్ట్ ఫొటో, అదే వేటాడినదాన్ని పైకి ఎత్తే తాడూ కప్పీల సెట్ ఫొటో, కూడా చూశాను. దాన్ని కొనకు. గరాజ్‌లో దూలానికి వేలాడదీసి జింకను ఒలుచుకునేవాళ్ల కోసం చేసిన సామాను అది. నువ్వేమో బండి దిగి కొండల్లోకి మైళ్ల కొద్దీ నడవబోతున్నావు.

ముందు బరువు సంగతి చూడు. ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు ఉంటుంది. నాలుగు వరసల కప్పీ సెట్ పెట్టినా లెక్క ప్రకారం నీ చేతి మీద 75 కిలోలు పడుతుంది. చిన్న కప్పీల్లో రాపిడికి పోయేది కూడా కలిపితే 90 దగ్గరికి వస్తుంది. ఒక్కడివి లాగలేవు. పైగా మీటరు లేపాలంటే నాలుగు మీటర్ల తాడు లాగాలి. అందుకే జంతువును మొత్తంగా ఎత్తే ఆలోచన మానుకో. పడిన చోటే తోలు ఒలిచి రెండు తొడలు, రెండు జబ్బలు, వీపు కండ, మెడ విడివిడిగా తీసుకోవాలి. ఎముకతో వెనక తొడ ఒక్కోటి 30 కిలోలు, ఒక్కోసారి కాస్త పైన. నీ తాడు ఎత్తాల్సింది అంతవరకే. ఆ లెక్కతో కొంటే సామానంతా కలిపి కిలోకి అటూ ఇటూగా ఉంటుంది.

ఎత్తడం కంటే ముందు తాడుకి ఇంకో పని ఉంది. ఒంటరిగా వెళ్లేవాడికి అదే పెద్ద పని. ఎల్క్ పడేది ఎక్కువగా వాలు మీదే. కత్తి తీసే ముందు కొమ్ముల మొదట్లో తాడు బిగించి పైనున్న చెట్టుకి కట్టు, లేకపోతే సగం ఒలిచాక కిందికి జారిపోతుంది. తర్వాత పైకి ఉన్న వెనక కాలికి మడమ దగ్గర ఉచ్చు వేసి, ఎడంగా లాగి ఇంకో చెట్టుకి కట్టు. తొడ లోపలి తోలు బిగుసుకుంటుంది, కత్తి సులువుగా నడుస్తుంది. ఆ కాలు కట్టకపోతే మోకాలితో దాన్ని నెట్టిపట్టుకుని కోయాల్సి వస్తుంది. కత్తి చేతిలో ఉండగా అంత బరువు మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇలా కట్టి వదిలేసే పనులకి డైనీమా తాడు కొను, సన్నగా ఉన్నా చాలా గట్టిగా ఉండే ప్లాస్టిక్ పోగుల తాడు అది. 3 మిల్లీమీటర్లది చాలు, కొత్తలో 700 కిలోల పైనే తట్టుకుంటుంది. సాగదు, నీళ్లు పీల్చదు, జేబులో పడుతుంది. అయితే నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు ముడి జారుతుంది. రెండు మూడు చుట్లు ఎక్కువ వేసి, కొస పొడుగ్గా వదులు. ముడి వేసిన చోట ఏ తాడుకైనా బలం బాగా తగ్గుతుంది, డైనీమాకి మరీ ఎక్కువ. దాన్ని చేత్తో లాగే పని మాత్రం పెట్టుకోకు, అరచేయి కోసుకుపోతుంది.

చేత్తో లాగడానికి 6 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు తీసుకో, పట్టు దొరుకుతుంది. చాలామంది పారాకార్డ్ అనే సన్నటి నైలాన్ తాడు చాలనుకుంటారు. 250 కిలోలు తట్టుకుంటుందని రాసే ఉంటుంది, కానీ సాగుతుంది. నువ్వు లాగుతూనే ఉంటావు, తొడ నేల మీదే ఉంటుంది. దాన్ని టెంటుకి వాడుకో.

కప్పీలు రెండు చాలు. బేరింగ్ ఉన్నవి, పక్క రేకులు తెరుచుకునేవి చూసి తీసుకో. తాడు చక్రం గాడిలో సరిగ్గా కూర్చోవాలి, పక్కకి జారి రేకుల మధ్య ఇరుక్కుంటే ఆ రాత్రి అక్కడే. కప్పీ దేనికి, కారబైనర్ (నొక్కితే తెరుచుకునే లోహపు కొక్కెం) మీదుగా లాగితే సరిపోదా అంటావేమో. రాపిడికే సగం శ్రమ పోతుంది. కొండలెక్కేవాళ్లు వాడే కారబైనర్లు మూడు కొను. ఎంత లాగుడు తట్టుకుంటాయో చెప్పేలా వాటి మీద 22 కిలోన్యూటన్లు అనో, ఆ దరిదాపుల్లో అంకె చెక్కి ఉంటుంది. తాళంచెవులకి వాడేవి దీనికి పనికిరావు.

డైనీమాని కొమ్మ మీదుగా విసిరి, ఒక కప్పీని పైకి లాగి, ఆ తాడు కొసని మొదలుకి కట్టు. రెండో కప్పీ తొడకి. పాలిస్టర్ తాడు ఒక కొసని పై కప్పీ దగ్గర కట్టి, కింది కప్పీలోంచి తిప్పి, మళ్లీ పై కప్పీలోంచి కిందికి దింపి లాగాలి. పై కప్పీ నాలుగున్నర మీటర్ల ఎత్తులో ఉంటే మూడు వరసలకి పదమూడున్నర మీటర్ల పాలిస్టర్ తాడు పడుతుంది. ముడులకీ కట్టడానికీ కలిపి 18 మీటర్లు తీసుకో.

ఇక్కడ ఒకటి జాగ్రత్తగా విను. ఇలా కట్టినప్పుడు కొమ్మ మీద పడేది తొడ బరువుకి మూడింతలు. 30 కిలోలకి 90. కొలరాడోలో బెరడు పురుగు పట్టి నిలువునా ఎండిపోయిన లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు కొండలకి కొండలే ఉన్నాయి. దూరం నుంచి గట్టిగానే కనిపిస్తాయి. ఎండిన చెట్టుకి ఏదీ వేలాడదీయకు, దాని కింద నిలబడకు. పచ్చి చెట్టుకి మంచి కొమ్మ లేకపోతే రెండు చెట్ల మధ్య తాడు కట్టి వేలాడదీయి. దాన్ని బట్టలారేసే తీగలా బిగించకు. ఎంత బిగిస్తే తాడు మీద లాగుడు అంత పెరుగుతుంది. చెట్ల మధ్య నాలుగు మీటర్లుంటే మధ్యలో ఒక మీటరైనా కిందికి వంగాలి.

అక్టోబరులోనూ మధ్యాహ్నం ఎండ ఉంటుంది. తుంటి ఎముక చుట్టూ వేడి చిక్కుకుని మాంసం లోపలే పాడవుతుంది. తొడలు తీసిన వెంటనే గుడ్డ సంచుల్లో వేసి నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయి. పేగుల కుప్పకి దూరంగా ఉండాలి. మగదో ఆడదో తెలిసే భాగం ఒక తొడకి అంటుకునే ఉండాలన్నది అక్కడి రూలు, కోసి పారేయకు. తినదగ్గ మాంసం వదిలేయడం కూడా అక్కడ నేరమే. ముందు ముందు యెల్లోస్టోన్ వైపు వెళ్తే గ్రిజ్లీ ఎలుగుబంట్లుంటాయి. అక్కడ మాంసాన్ని నేల నుంచి పది అడుగుల ఎత్తులో, చెట్టు మొదలుకి నాలుగడుగుల ఎడంగా కట్టమంటారు.

వెళ్లేలోపు ఒక సాయంత్రం 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు నాలుగు కట్టగట్టి పెరట్లో చెట్టుకి ఎత్తి చూడు. చీకటి పడ్డాక హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, చేతికి తొడుగులు వేసుకుని ఇంకోసారి ఎత్తు. కప్పీలు నా దగ్గర రెండు అదనంగా ఉన్నాయి. వినాయక చవితికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. అక్కయ్యని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య