పింక్ ఫ్లాయిడ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది, ఆ బెంగ అక్కర్లేదు. నా ఇబ్బంది వేరే. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్‌లో బాస్ వాయించి మాటలు రాసే రోజర్ వాటర్స్, గిటార్ వాయించి పాడే డేవిడ్ గిల్మోర్ విడిపోవడం మీద నువ్వు రాసినదాంట్లో సగానికి పైగా కోర్టు, లాయర్లు, ఇంటర్వ్యూల్లో ఒకరినొకరు అనుకున్న మాటలే. పాట ఊసు చివర్లో ఎక్కడో వస్తుంది. అదీ "వాటర్స్ వెళ్ళిపోయాక బ్యాండ్ సంగీతంలో ఆత్మ పోయింది" అన్న ఒక్క ముక్కలో. ఆత్మ పోవడమంటే ఏం పోయింది? ఏ పాటలో పోయింది? గిటార్‌లోనా, మాటల్లోనా, డ్రమ్స్‌లోనా? చదివేవాడు అడిగేది అదే. దానికి నీ దగ్గర జవాబు లేకపోతే వాళ్ళ గొడవ గురించి నీకు ఎంత తెలిసినా లాభం లేదు.

ముందు తేదీ సంగతి చూడు. వాటర్స్ 1985 డిసెంబరులో బయటికి వెళ్ళాడని రాశావు. కాగితం మీద అది నిజమే. మరుసటి ఏడాది బ్యాండ్ పేరు కోసం లండన్ హైకోర్టుకి వెళ్ళాడు, 1987 డిసెంబరులో రాజీ కుదిరింది. కానీ పాటలకి ఆ తేదీతో పనిలేదు. రికార్డుల అట్టల మీద పాట కింద ఎవరి పేరుందో వరసగా చూసుకుంటూ రా. 1973లో 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. మాటలన్నీ వాటర్స్‌వి, సంగీతంలో మాత్రం నలుగురి పేర్లూ కనిపిస్తాయి. 1977 'యానిమల్స్'కి వచ్చేసరికి కీబోర్డ్ వాయించే రిక్ రైట్ పేరు ఒక్క పాట కిందా లేదు, గిల్మోర్ పేరు ఒక్కదాని కిందే ఉంది. 1979 'ద వాల్'లో ఇరవై ఆరు పాటలుంటే గిల్మోర్‌కి వాటా దక్కినవి మూడు. 1983 'ద ఫైనల్ కట్'లో అన్నీ వాటర్స్‌వే. అంటే కోర్టు మెట్లెక్కే నాటికి జంటగా పాట కట్టడం ఆగిపోయి చాలాకాలమైంది. నీ వ్యాసం మొదలవ్వాల్సిన చోటు ఆ జారుడు. నువ్వేమో అంతా జారిపోయాక మొదలుపెట్టావు.

ఇక వాళ్ళిద్దరూ కలిసి ఎలా పనిచేసేవాళ్ళో చూడు. అది తెలియకుండా ఏం పోయిందో చెప్పలేవు. డార్క్ సైడ్ విపరీతంగా అమ్ముడుపోయాక ఏం చెయ్యాలో తోచక నలుగురూ లండన్‌లో కింగ్స్ క్రాస్ దగ్గర ఒక గదిలో రిహార్సల్స్ చేస్తున్నారు. గిల్మోర్ గిటార్ మీద ఊరికే నాలుగు స్వరాలు మీటాడు. ఆ నాలుగే. అవి వాటర్స్ చెవిన పడ్డాయి. వాటిలో ఏదో దిగులు వినపడింది అతనికి. మతి చెదిరి బ్యాండ్‌కి దూరమైన పాత స్నేహితుడు సిడ్ బారెట్ మీద ఆ స్వరాలు పట్టుకుని మాటలు రాశాడు. 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' అలా పుట్టింది. ఇప్పుడు చెప్పు, ఈ పాట ఎవరిది? స్వరాలు మీటినవాడికి అవి ఒక పాట అవుతాయని తెలియదు. మాటలు రాసినవాడికి ఆ స్వరాలు సొంతంగా తట్టేవి కావు. ఒకడి చెయ్యి, ఇంకొకడి చెవి. 1975లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరుపాట 'విష్ యు వర్ హియర్'దీ ఇదే కథ. గిల్మోర్ పన్నెండు తీగల గిటార్ మీద ఏదో వాయించుకుంటూ ఉంటే, అదేమిటని వాటర్స్ అడిగాడు.

నువ్వు ఒక్క వాక్యం కూడా ఇవ్వని సంగతి ఇంకొకటుంది. నా లెక్కలో ఈ కథకంతటికీ కీలకం అదే. 1978లో వాటర్స్ రెండు డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, పట్టుకొచ్చి మిగతావాళ్ళ ముందు పెట్టాడు. రెంటిలో ఏది చేద్దామని అడిగాడు. వాళ్ళు ఒకటి తీసుకుని రెండోది వద్దన్నారు. తీసుకున్నది 'ద వాల్' అయింది. వద్దన్నదాన్ని వాటర్స్ 1984లో సొంతంగా 'ద ప్రోస్ అండ్ కాన్స్ ఆఫ్ హిచ్ హైకింగ్' అని విడుదల చేశాడు, ఎరిక్ క్లాప్టన్ చేత గిటార్ వాయించి మరీ. రెండూ ఒకే మనిషి బుర్రలోంచి ఒకే కాలంలో వచ్చినవి. ఒకటి ప్రపంచమంతా మోగింది, రెండోదాన్ని ఇవాళ వెతుక్కుని వినాలి. బ్యాండ్ చేసే పనుల్లో ఏరడం ఒకటని, అది వాయించడం కన్నా చిన్న పనేమీ కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మన అవధానంలో నిషేధాక్షరి చూశావు కదా. అవధాని ఒక అక్షరం పలకగానే తర్వాత ఏది రాబోతుందో పసిగట్టి పృచ్ఛకుడు అది వద్దంటాడు. అవధాని పక్కదారి పట్టాలి. మళ్ళీ వద్దంటాడు. చివరికి తయారైన పద్యం అవధాని మొదట అనుకున్నది కాదు, పృచ్ఛకుడు ఊహించినదీ కాదు. ఇద్దరి మధ్యా పడి పుట్టింది. పృచ్ఛకుణ్ణి లేపి ఇంటికి పంపించేస్తే అవధాని హాయిగా పద్యం చెప్పుకోవచ్చు. చెబుతాడు కూడా. కాకపోతే మొదట తట్టిందే వస్తుంది.

ఇది చెవితో పట్టుకోవాలంటే 'కంఫర్టబ్లీ నమ్' పెట్టుకో. గిల్మోర్ 1978లో సొంత ఆల్బమ్ చేసుకుంటున్నప్పుడు దీని బాణీ డెమోగా మిగిలిపోయింది. దాన్ని తెచ్చి 'ద వాల్'కి ఇచ్చాడు. మాటలు వాటర్స్‌వి. 1977లో ఫిలడెల్ఫియాలో కచేరీకి ముందు కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే డాక్టర్ ఇంజెక్షన్ పొడిచి స్టేజీ ఎక్కించిన అనుభవం అందులో ఉంది. రికార్డింగ్ దగ్గర పేచీ వచ్చింది. ఒక రూపం వాటర్స్‌కీ నిర్మాత బాబ్ ఎజ్రిన్‌కీ నచ్చింది. ఇంకొకటి గిల్మోర్‌కి నచ్చింది. ఎవరూ తగ్గలేదు. చివరికి దానిలోంచి కొంత, దీనిలోంచి కొంత తీసి అతికారు.

ఆ రాజీ నీకు రికార్డులో వినిపిస్తుంది. చరణాలు బి మైనర్ అనే దిగులు స్వరాల వరసలో, వాటర్స్ గొంతులో, డాక్టర్ రోగిని పలకరిస్తున్నట్టు పొడిపొడిగా సాగుతాయి. పల్లవికి రాగానే పాట డి మేజర్ అనే వెలుగు వరసలోకి తిరుగుతుంది, గిల్మోర్ గొంతు అందుకుంటుంది. వెనకాల మైకేల్ కామెన్ కూర్చిన ఆర్కెస్ట్రా తెరలా పరుచుకుంటుంది. మాట్లాడేవాడు ఒకడు, తేలిపోయేవాడు ఇంకొకడు. చివర్లో గిటార్ ముందుకొచ్చే సోలో మళ్ళీ బి మైనర్‌లోకే, డాక్టర్ గదిలోకే వచ్చి పడుతుంది. ఈసారి గిటార్ తీగ సాగుతుంది, అరుస్తుంది. గిల్మోర్ దాన్ని ఐదారుసార్లు వాయించి, బాగున్న ముక్కలు ఏరి ఒకటిగా కలిపాడు. ఇద్దరిలో ఎవరు ఒంటరిగా చేసినా ఈ పాట ఇలా ఉండేది కాదని అందరూ అంటారు. నువ్వు అనొద్దు, చూపించు. చరణం దగ్గర ఆపు, పల్లవి దగ్గర ఆపు, ఏం మారిందో రాయి.

'ద ఫైనల్ కట్' విషయంలో నువ్వు అన్యాయం చేశావు. "చెత్త ఆల్బమ్" అని తేల్చేశావు. అది చెత్త కాదు. 1944లో ఇటలీలో ఆన్జియో దగ్గర యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్నవాడు, తనకు ఆయన ముఖం కూడా గుర్తులేనివాడు, 1982 ఫాక్లండ్స్ యుద్ధం చూసి కడుపు మండి రాసిన మాటలవి. మాటల వరకూ వాటర్స్ రాసినవాటిలో మంచివే కొన్ని ఇందులో ఉన్నాయి. లోపం ఇంకోచోట ఉంది. 'ద వాల్' అప్పుడు పక్కన పెట్టిన పాటలు కొన్ని ఇందులోకి వచ్చాయి. అప్పుడు పనికిరానివి ఇప్పుడెలా పనికొచ్చాయని గిల్మోర్ అడిగాడు. తను పాటలు కట్టడానికి కొంచెం వ్యవధి ఇమ్మన్నాడు. వాటర్స్ ఆగలేదు. గిల్మోర్ ముఖ్య గొంతు ఒక్క పాటలోనే వినిపిస్తుంది. నిర్మాతల పేర్లలోంచి అతని పేరు పోయింది. రైట్ అప్పటికే బ్యాండ్‌లో లేడు. ఆఖరి పాటలో డ్రమ్స్ కూడా బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్‌వి కావు. అట్ట మీద 'రోజర్ వాటర్స్ రచన, పింక్ ఫ్లాయిడ్ వాయిద్యం' అన్న అర్థం వచ్చేట్టు వేశారు. బ్యాండ్ అతనికి వాద్యబృందం అయిపోయింది. వింటే ఏం తెలుస్తుందంటే, గొంతు గుసగుసలోంచి కేకలోకి, కేకలోంచి గుసగుసలోకి పోతూనే ఉంటుంది, మధ్యలో ఊపిరి తీసుకునే చోటు దొరకదు. గిటార్ సోలో వచ్చిన మూడు నాలుగు చోట్ల కిటికీ తెరిచినట్టుంటుంది, అంతలోనే మూసేస్తారు. అయినా బ్రిటన్‌లో అది నంబర్ వన్ అయింది. డార్క్ సైడ్ అక్కడ రెండో స్థానం దాటలేదు. అమ్మకాల అంకెలతో ఏదైనా నిరూపించబోయే ముందు ఇది గుర్తుంచుకో.

రెండోవైపు గిల్మోర్ పరిస్థితి ఏమీ మెరుగు కాదు. 1987లో 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' వచ్చింది. పేరు పింక్ ఫ్లాయిడ్. లోపల చూస్తే అరువు మనుషులు. బాస్‌కి టోనీ లెవిన్, డ్రమ్స్‌కి జిమ్ కెల్ట్‌నర్, కార్మైన్ అపీస్. మాటల సాయానికి ఆంథొనీ మూర్. మేసన్ డ్రమ్స్ వాయించింది తక్కువ. ధ్వని బ్రహ్మాండంగా ఉంటుంది, గిటార్ సరే సరి. మాటల దగ్గరికొచ్చేసరికి పొగమంచు. 'ద డాగ్స్ ఆఫ్ వార్' విను. యుద్ధం మీద కోపం ఉండాలి కాబట్టి ఉందన్నట్టుంటుంది. ఇక్కడ నీకొక మంచి సాక్ష్యం దొరుకుతుంది. 2019లో వాళ్ళే ఈ ఆల్బమ్‌ని మళ్ళీ మిక్స్ చేశారు. మేసన్ డ్రమ్స్ కొత్తగా వాయించాడు, రైట్ కీబోర్డ్ ముక్కలు వెతికి లోపల పెట్టారు. అంటే బ్యాండ్ ఆల్బమ్‌లో బ్యాండ్ లేదని ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళ చేతులే ఒప్పుకున్నాయి.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టు. వాటర్స్ గిటార్ కోసం క్లాప్టన్ దగ్గరికి, 1992 'అమ్యూజ్డ్ టు డెత్'లో జెఫ్ బెక్ దగ్గరికి వెళ్ళాడు. గిల్మోర్ మాటల కోసం మూర్ దగ్గరికి, తర్వాత 'ద డివిజన్ బెల్'కి పాలీ శాంసన్ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ ఖాళీ అయిన కుర్చీ ఏదో సరిగ్గానే గుర్తుపట్టారు. అందులో కూర్చోబెట్టినవాళ్ళు కూడా తక్కువవాళ్ళేం కాదు. క్లాప్టన్ కన్నా గొప్ప గిటారిస్టుని ఎక్కణ్ణుంచి తెస్తాం? కానీ పిలిచి వాయించమన్న అతిథికి ఓటుండదు. "ఈ చరణం ఎత్తెయ్, బాగాలేదు" అనడు. అనడానికి అతనికి ఆ పాటలో వాటా లేదు. నా మటుకు 'అమ్యూజ్డ్ టు డెత్' వాటర్స్ సొంత ఆల్బముల్లో అన్నిటికన్నా మంచిది, ఇప్పటికీ వింటుంటాను. అందులోనూ పావువంతు కోయాల్సింది. కోసేవాడు లేడు.

ఈ కథని ఇద్దరి మధ్య తగువుగా రాశావు, రైట్‌ని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది తప్పు. 'అస్ అండ్ దెమ్' బాణీ రైట్‌ది. ఇటలీ దర్శకుడు ఆంటోనియోని 'జబ్రిస్కీ పాయింట్' సినిమా కోసం పియానో మీద కట్టాడు, ఆయన వద్దన్నాడు, తర్వాత డార్క్ సైడ్‌లోకి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య నువ్వు పీల్చుకునే గాలంతా అతని కీబోర్డే. అతన్ని 'ద వాల్' రికార్డింగ్ సమయంలోనే సాగనంపారు. ఆ తర్వాత కచేరీల్లో జీతానికి వాయించాడు. ఫైనల్ కట్‌లో ఊపిరాడట్లేదని చెప్పానే, దానికి సగం కారణం గిల్మోర్ కాదు, రైట్ లేకపోవడం. 1994 'ద డివిజన్ బెల్'లో అతను తిరిగి పాట కట్టాడు, పాడాడు. ఆ ఆల్బమ్ అంతకుముందుదాని కన్నా పింక్ ఫ్లాయిడ్‌లా వినిపిస్తుందంటే అందుకే. జంట విడిపోయిందని రాసేటప్పుడు మూడోవాణ్ణి మర్చిపోవడం మనవాళ్ళకి మామూలే, కథకి ఇద్దరైతే సులువు కదా.

మన దగ్గరా ఇంతే. టి.వి.రాజు గారి అబ్బాయి, సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి జట్టుకట్టి రాజ్–కోటి అయ్యారు, తెలుగు సినిమాని ఏళ్ళ తరబడి ఊపేశారు. వాళ్ళ మాట రాగానే ఎవరైనా మొదట అడిగేది ఎందుకు విడిపోయారనే. 1995లో రాజ్ ఒక్కడే 'సిసింద్రీ' చేశాడు, కోటి ఒక్కడే 'పెదరాయుడు' చేశాడు. ఆ రెండూ, విడిపోకముందు చేసిన 'హలో బ్రదర్', వరసగా విని ఎవరు ఏది తెచ్చేవారో రాసినవాళ్ళు నాకు కనపడలేదు. పింక్ ఫ్లాయిడ్ అయ్యాక నువ్వే రాయి. భాష తెలిసిన పాటలు కాబట్టి ఇంకా బాగా రాస్తావు.

మళ్ళీ రాసేటప్పుడు 2022 నుంచి మొదలుపెట్టు. ఆ ఏడాది వాటర్స్ 'కంఫర్టబ్లీ నమ్'ని కొత్తగా రికార్డు చేశాడు, గిటార్ సోలోలు తీసేసి. వాటి చోట ఒక గాయని గొంతు. పాట మందగించి, చీకట్లోకి దిగింది. అది బాగుందా లేదా అని వెంటనే తీర్పు చెప్పకు, ముందు విను. తర్వాత 2011 మే 12న లండన్ ఓ2 హాల్లో జరిగింది చూడు. వాటర్స్ 'ద వాల్' కచేరీ చేస్తుంటే ఇదే పాటకి గిల్మోర్ స్టేజీ మీద కట్టిన గోడ పైన ప్రత్యక్షమై పల్లవి పాడి సోలో వాయించాడు. కింద వాటర్స్, పైన గిల్మోర్. ఆఖర్న 1979 రికార్డు. ఈ మూడూ ఒకే పాట. మూడింట్లో ఏది ఉందో ఏది లేదో వరసగా రాస్తే నీ వ్యాసంలో ముప్పాతిక భాగం పూర్తయినట్టే.

హెడ్‌ఫోన్ పెట్టుకుని విను, ఫోన్ స్పీకర్‌లో రైట్ వినపడడు. అతని పేరు మొదటి పేజీలోనే రావాలి. కోర్టు సంగతి రెండు వాక్యాలు మించితే నేను కొట్టేస్తాను. వచ్చే నెలలోగా పంపు.

మీ అన్నయ్య