ఆకు పచ్చగానే ఉంది, చిగురు మాత్రం రావట్లేదు

ప్రశ్న: సార్, మాది రాజాం దగ్గర పల్లె, వరి, చెరకు వేస్తాం. పండక్కి మా అమ్మాయి మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు కుండీలు తెచ్చింది, రోజూ పొద్దున్నే చెరో గ్లాసుడు నీళ్ళు పోస్తున్నాను, అయినా మనీప్లాంటు ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. ఇంకో మొక్క చేద్దామని ఒక ఆకు తుంచి సీసాలో పెట్టాను. రెండు నెలలైంది, ఆకు పచ్చగానే ఉంది గానీ చిగురు లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు సీసాలో ఆకు సంగతి చెప్తాను. మీరు చెరకు వేసేవాళ్ళు, కన్ను లేని ముచ్చె, అంటే చిగురు మొగ్గ లేని గడ ముక్క, ఎప్పుడైనా నాటారా? ఇదీ అంతే. మనీప్లాంటు ఆకు ఒక్కటే పెడితే నెలల తరబడి పచ్చగా ఉంటుంది, ఒక్కోసారి కాడకి సన్నని వేరు కూడా వస్తుంది, కానీ చిగురు వేసే కన్ను కణుపు దగ్గరే ఉంటుంది కాబట్టి అది మొక్క అవ్వదు. తీగని దగ్గరగా చూడండి, ఆకు కాడ తీగకి అతుక్కున్న చోట గోధుమరంగు బొడిపె ఒకటి కనబడుతుంది, వేరు వచ్చేది అక్కడి నుంచే. దానికి అరంగుళం కింద శుభ్రమైన బ్లేడుతో కోసి, కణుపు నీళ్ళలో మునిగేలా, ఆకు పైకి ఉండేలా పెట్టండి. నీళ్ళు మూడు రోజులకోసారి మార్చాలి, లేకపోతే కుళ్ళు వాసన వస్తుంది, దోమలు కూడా గుడ్లు పెడతాయి. రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి, రెండంగుళాలు పెరిగాక కుండీలోకి మార్చెయ్యండి.

ఇక ఆకులు రాలడం. మీరు రాసినదాన్ని బట్టి నాకు అనుమానం ఆ రోజూ పోసే గ్లాసు మీదే. వరికి నీళ్ళు కట్టిన చెయ్యి కదా, తడి లేకపోతే మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ వరి మొక్కకి లోపల గాలి గొట్టాల్లాంటివి ఉంటాయి, పైనుంచి వేరుదాకా గాలి పోతుంది, అందుకే నీళ్ళలో నిలబడుతుంది. మనీప్లాంటుకి ఆ ఏర్పాటు లేదు, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేరుకి ఊపిరాడక కుళ్ళిపోతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు తియ్యలేదు, పైన ఆకు వాడుతుంది, అది చూసి మనం ఇంకా పోస్తాం. ఒకసారి మొక్కని మట్టితో సహా బయటికి తీసి చూడండి. తెల్లగా గట్టిగా ఉన్న వేర్లు మంచివి, నల్లబడి నొక్కితే పైతోలు ఊడి వచ్చేవి కత్తిరించెయ్యండి. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే ఎన్ని మందులు వేసినా లాభం లేదు.

మళ్ళీ నాటేటప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల గత్తం ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలపండి. ఉద్దానం వైపు పీచు తీసేచోట పొట్టు దొరుకుతుంది, కానీ పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు కడిగి పిండి వాడండి. పొలం బంకమట్టి మాత్రం వద్దమ్మా. నీళ్ళకి రోజుల లెక్క పెట్టుకోకండి, వేలు రెండు కణుపులదాకా మట్టిలో పెట్టి చూసి పొడిగా తగిలితేనే పొయ్యండి. స్నేక్ ప్లాంటు కుండీ అయితే పూర్తిగా ఆరాలి, వానాకాలంలో రెండు మూడు వారాలకోసారి చాలు.

స్నేక్ ప్లాంటుకి మాత్రం ఆకు ముక్క నుంచే మొక్క వస్తుంది. నాలుగంగుళాల ముక్కలు కోసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, కింది వైపు కిందికే వచ్చేలా గుచ్చాలి, తలకిందులైతే వేరు రాదు, అందుకే కోసేటప్పుడే పెన్నుతో గీత పెట్టుకోండి. పిలక రావడానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీది పసుపు అంచు ఉన్న రకమైతే ఆకు ముక్క నుంచి వచ్చే పిల్లలు అంచు లేకుండా ఉత్త ఆకుపచ్చగా వస్తాయి, అంచు కావాలంటే దుంప పక్కన వచ్చిన పిలకని వేరుతో సహా విడదీసి నాటడమే.

ఇంకొకటి, మనీప్లాంటు తింటే నోరు మండి వాచిపోతుంది, స్నేక్ ప్లాంటు తింటే వికారం, వాంతులు వస్తాయి, కత్తిరించిన తీగలు మేకల దొడ్లో పడెయ్యకండి, పాకే పిల్లలుంటే కుండీలు ఎత్తులో పెట్టండి. వేర్లు బయటికి తీశాక ఏ రంగులో ఉన్నాయో ఫోటో తీసి పంపండి, చూసి చెప్తాను.