నల్ల పెయింటు కింద తుప్పు: పికప్‌కి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. కూరగాయలు తోటల దగ్గర కొని సంతలకు వేస్తుంటాను. సొంతంగా నడుపుకోవడానికి భీమవరం వైపు ఒక సెకండ్ హ్యాండ్ బండ్ల యార్డులో 2016 మోడల్ బొలెరో పికప్ చూశాను. 'తుప్పు ఇసుమంతైనా లేదు, గ్యారంటీ' అని యార్డు ఆయన వాట్సాప్‌లో వాయిస్ పెట్టాడు. బేరం 4 లక్షల 10 వేలు. 50 వేలు అడ్వాన్సు ఫోన్‌లో పంపాను. రసీదు మీద 'అడ్వాన్సు వాపసు లేదు' అని రాశాడు. వారం తర్వాత మెకానిక్ అయిన మా మేనమామను తీసుకెళ్లాను. వెనక కమాన్ల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) దగ్గర చాసిస్‌ని, అంటే బండి కింది ఇనుప ఫ్రేముని, స్క్రూడ్రైవర్‌తో గీకితే కొత్త నల్ల పెయింటు అప్పడంలా లేచొచ్చింది. కింద అంతా తుప్పే. ఒకచోట రేకు ముక్క పెట్టి వెల్డింగ్ కూడా చేశారు. అడిగితే 'చూసుకునే కదండీ అడ్వాన్సు ఇచ్చారు' అంటున్నాడు. నా డబ్బు వస్తుందా? వేరే బండి కొంటే వెనక బాడీ ఎత్తు పెంచి, కమాన్ పట్టీలు అదనంగా వేసి, బంపర్ ముందు ఇనుప గార్డు పెట్టించాలని ఉంది. కుదురుతుందా?

జవాబు: మీ మేనమామ స్క్రూడ్రైవర్ మీకు 3 లక్షల 60 వేలు మిగిల్చింది. మిగతా 50 వేల సంగతి చూద్దాం.

యార్డు ఆయన మాటకు చట్టంలో కొంత ఆధారం లేకపోలేదు. సరుకు మంచిచెడ్డలు కొనేవాడే చూసుకోవాలన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోని మూల సూత్రం. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లోనూ ఒక మెలిక ఉంది. అమ్మేవాడు లోపం చెప్పకుండా ఊరుకున్నా, మామూలు జాగ్రత్తతో మీరు కనిపెట్టగలిగి ఉంటే, తర్వాత బేరం రద్దు చేసుకోలేరు. తుప్పు పైకి కనిపిస్తూ ఉండి, మీరే వంగి చూడకపోయి ఉంటే నేను కూడా 'ఆశ వదులుకోండి' అనేవాణ్ణి.

కానీ చెప్పకపోవడం వేరు, కప్పిపెట్టడం వేరు. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం. 19వ సెక్షన్ మెలిక దానికి వర్తించదు. తుప్పు మీద తాజా పెయింటు, దాని కింద రేకు అతుకు, పైగా 'ఇసుమంతైనా లేదు' అన్న వాయిస్. ఈ మూడూ కలిస్తే కేసు మీ వైపే మొగ్గుతుంది. అతుకు సంగతి పాత యజమానికే తెలుసు, నాకు తెలియదు అని యార్డు ఆయన అనొచ్చు. అందుకే ఆ వాయిస్ మీకు ప్రాణం. 'వాపసు లేదు' అన్న రసీదు రాత మోసాన్ని కాపాడదు. అది మీరు కారణం లేకుండా మాట తప్పినప్పుడు వాడుకునే మాట.

ఆధారాలు ఈ వారంలోనే పోగుచేయండి, ఎందుకంటే ఆ బండికి రేపు ఇంకో కోటింగు పడుతుంది. మళ్లీ వెళ్లి తుప్పు, అతుకు, చాసిస్ నంబరు ఒకే వీడియోలో కనిపించేలా తీయండి. నంబరు లేని ఫోటో చూపిస్తే 'అది మా బండి కాదు' అనేస్తారు. మేనమామ కాకుండా బయటి మెకానిక్ చేత కూడా రాయించుకోండి. వాయిస్ ఉన్న ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి. కోర్టులో దాన్ని చూపాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాలి.

తర్వాత 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే ప్రాంతంలోనే వేయొచ్చు, భీమవరం తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 'వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడు కాడు' అని అవతలివాళ్లు వాదిస్తారు. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా కొన్నది వ్యాపార అవసరం కాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది. మీరే స్టీరింగ్ పడతారని ఫిర్యాదులో తప్పక రాయించండి. పోలీస్ స్టేషన్‌కు వెళితే 'సివిల్ మేటర్' అని పంపేసే అవకాశమే ఎక్కువ.

ఇక కొత్తగా వెతికేటప్పుడు. తీరప్రాంతపు బండ్లు చవగ్గా దొరకడానికి కారణం చాలాసార్లు ఉప్పే. రొయ్యల బాక్సుల నుంచి ఐస్ నీళ్లు బాడీ రేకు కిందికి, అక్కణ్ణుంచి చాసిస్ మీదికి ఏళ్ల తరబడి కారతాయి. ఒడ్డు బండి వద్దనను, రొయ్యలు మోసిన బండి మాత్రం నేనైతే కొనను. బండి కింద చాప వేసుకుని పడుకోండి. చిన్న సుత్తితో కొట్టి చూడండి, గట్టి ఇనుము 'టంగ్' మంటుంది, తిన్న ఇనుము 'తప్' మంటుంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉందిగా అని ధీమా పడకండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా బ్రేక్, అంటే ఫిట్‌నెస్ పరీక్ష, చేయించాలి. ఆ కాగితం ఆ రోజు సంగతే చెబుతుంది.

కాగితాల దగ్గర మావాళ్లు ఎక్కువగా దెబ్బతినేది 'ఎన్‌ఓసీ' (అభ్యంతరం లేదనే పత్రం) అన్న ఒక్క మాట దగ్గర. అవి రెండు. ఫైనాన్స్ కంపెనీ బాకీ తీరిందని ఇచ్చేది ఒకటి, దాంతో పాటు ఆర్‌సీలో అప్పు ఎంట్రీ తీయించే ఫారం 35 మీద వాళ్ల సంతకం ఉండాలి. ఆంధ్రా బండిని తెలంగాణకు తెచ్చుకోవడానికి అక్కడి రవాణా ఆఫీసు ఫారం 28 మీద ఇచ్చేది రెండోది. రెండూ రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉంచి వాటి మీద పాత ఓనరు సంతకాలుంటే చాలు అనే యార్డును నమ్మకండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ ఆథరైజేషన్ ఉండాలి, ముందు అది అడగండి. పేరు మార్పిడికి మీకు 30 రోజులు, ఇన్సూరెన్స్ మీ పేరున మార్చుకోవడానికి 14 రోజులు గడువు. పేరు మార్పిడి అమ్మినవాళ్లకూ అవసరమే. ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీ కోరికల్లో ముందు గార్డు సంగతి మర్చిపోండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ అలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. బాడీ ఎత్తు పెంచడం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేలు జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. కమాన్ పట్టీ విరిగితే అదే కొలతది వేయించుకోండి, తప్పు లేదు. అదనపు పట్టీ వేస్తే బండి మోస్తుంది, ఆర్‌సీలోని బరువు మాత్రం పెరగదు. ఓవర్‌లోడుకు చట్టంలో 20 వేలు జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2 వేల చొప్పున ఉంది.

అండర్‌బాడీ కోటింగు, బాడీ అడుగున కొత్త రేకు, టార్పాలిన్, సీటు, అదే సైజు టైర్లు, ఇవన్నీ నిక్షేపంగా చేయించుకోండి. కోటింగు మాత్రం తుప్పు గీకించి, మీ కళ్లముందు వేయించండి. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ అక్కర్లేదు. కారు నడిపే లైసెన్సే సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కాబట్టి, మీకు ఆ లైసెన్సు ఉంటే వేరేది తీయక్కర్లేదు.

నోటీసుకు రసీదు, వాయిస్, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ పట్టుకుని దగ్గర్లోని లాయర్‌ను కలవండి. వీడియో తీశాకే నోటీసు పంపించండి.