బస్సు, ఆటో, యాభై చీటీలు

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆరేళ్ల సర్వీసు. క్లాసులో పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, ‘అర్థమైందా’ అంటే తలలూపుతారు. ఇంటర్నల్స్‌లో ప్రశ్న కాస్త తిప్పి ఇస్తే మాత్రం చేతులెత్తేస్తారు. నా బోధన మీదే చిన్న పరిశోధన చేయాలని ఉంది. సీనియర్లేమో ‘అది రీసెర్చ్ కిందికి రాదు, సబ్జెక్టులో పేపర్ రాసుకో’ అంటున్నారు. నిజంగా రాదా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక లెక్చరర్, బోడుప్పల్

జవాబు: వస్తుందమ్మా, ఎందుకు రాదు? కొత్త సంగతి కనిపెట్టడం ఎంత పాండిత్యమో, దాన్ని విద్యార్థికి ఎలా అందించాలో శోధించడమూ అంతే పాండిత్యమని విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ 1990లోనే అమెరికాలో ఒక నివేదికగా రాశారు. ఆ తర్వాత అదొక రంగంగానే ఎదిగింది. సీనియర్లతో వాదన పెట్టుకోకండి, పని మొదలుపెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను పట్టేసిన మాట ‘తలలూపుతారు’. నేనూ పన్నెండేళ్లు ఆ తలలనే నమ్మాను. ఒక ఏడాది ఫస్టియర్‌లో న్యూటన్ మూడో నియమం చెప్పడం అయిపోయింది. ‘ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది’ అని క్లాసంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది. ఎందుకో ఆరోజు అక్కడితో ఆపబుద్ధి కాలేదు. తలా ఒక చీటీ ఇచ్చి అడిగాను: ‘ఆర్టీసీ బస్సు ఆటోను గుద్దింది. ఆ క్షణంలో ఎవరు ఎవరి మీద చూపే బలం ఎక్కువ? లేక సమానమా? ఎందుకు?’ పేరు రాయొద్దు, ఏ భాషలో రాసినా సరే అన్నాను.

స్టాఫ్ రూములో టేబుల్ మీద చీటీలను కుప్పలు పోశాను. యాభై చిల్లర చీటీల్లో ‘సమానం’ కుప్పలో పడ్డవి ఆరు. ఒక చీటీ ఇప్పటికీ దాచుకున్నాను: ‘ఆటో నుజ్జునుజ్జయితది. బస్సుకు గీత గూడ పడదు. ఇంక సమానం ఎట్లయితది మేడమ్?’

ఎంత మంచి ప్రశ్న! అది రాసినవాళ్లు చూసింది అబద్ధం కాదు. జరిగిన నష్టాన్నీ బలాన్నీ ఒకటే అనుకున్నారు, అంతే. బలం రెండింటి మీదా సమానమే. ఆటో ద్రవ్యరాశి తక్కువ కాబట్టి దాని వేగం ఒక్కసారిగా మారిపోతుంది, రేకు పలచన కాబట్టి నలిగిపోతుంది. ఈ ముడి నేను పన్నెండేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. మర్నాడు ముందుగా ఆ చీటీనే చదివి, పక్కవాళ్లతో ఐదు నిమిషాలు వాదించుకోమన్నాను. నేను మాట్లాడలేదు. ఆ గోల విని పక్క క్లాసు సార్ తలుపు దాకా వచ్చి చూసి వెళ్లారు. మళ్లీ చీటీలు తీసుకుంటే ‘సమానం’ కుప్పే పెద్దది.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్‌కూ ఇలాగే జరిగింది. మామూలు మాటల్లో ప్రశ్నలిస్తే ఒక విద్యార్థిని ‘మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా’ అని అడిగిందట. 1991 నుంచి ఆయన క్లాసులో పక్కవాళ్లతో చర్చించుకునే పద్ధతి పెట్టారు. ఇలాంటి పద్ధతుల మీద వచ్చిన 225 అధ్యయనాలను 2014లో ఒకచోట చేర్చి చూస్తే, ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల్లో నూటికి 34 మంది దాకా ఫెయిలయ్యారు. విద్యార్థి చేత ఏదో ఒకటి చేయించిన క్లాసుల్లో 22 మంది. సైన్సు, ఇంజినీరింగ్, లెక్కల సబ్జెక్టుల సంగతి ఇది.

మీరు సెమిస్టర్ మొత్తం మార్చేయకండి. ఒక్క పాఠం, ఒక్క ప్రశ్న తీసుకోండి. పాఠానికి ముందు అడగండి, తర్వాత అడగండి. నెల పోయాక వేషం మార్చి మళ్లీ అడగండి, బస్సూ ఆటో బదులు క్యారమ్ స్ట్రైకరూ కాయినూ అనుకోండి. నెల తర్వాత ఏం మిగిలిందో అదే అసలు లెక్క. నిరుటి బ్యాచ్‌తో మాత్రం పోల్చకండి. ‘దోస్త్’ ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లలో ఏ ఏడు ఎవరు వస్తారో మన చేతిలో ఉండదు కదా. చీటీల వెనక మీకు మాత్రమే తెలిసే గుర్తు వేసి, ఏది ముందుదో ఏది తర్వాతిదో చెప్పకుండా తోటి లెక్చరర్‌తో దిద్దించండి. మనం చెప్పిన పాఠం మీద మనకు మమకారం ఉంటుంది, తెలియకుండానే చెయ్యి మెత్తబడుతుంది. ఇది మార్కుల్లో కలవదని, ఇష్టం లేనివాళ్లు చీటీ ఇవ్వక్కర్లేదని పిల్లలకు ముందే చెప్పండి. పేపర్‌గా పంపే ఉద్దేశం ఉంటే మొదట్లోనే ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

భాష గురించి ఒక మాట. మన క్లాసుల్లో తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్లు, ఉర్దూ మీడియం పిల్లలు ఇంగ్లిష్ పాఠం వింటూ కూర్చుంటారు. ఇంగ్లిష్‌లోనే రాయమంటే ఖాళీ చీటీ వస్తుంది, దాన్ని మనం తెలివితక్కువ కింద జమకడతాం. అది ఘోరమైన అన్యాయం. ఉర్దూ చీటీలు చదివించుకోవడానికి నేను ల్యాబ్ అటెండర్ భాయ్ దగ్గరికి వెళ్లేదాన్ని. అచ్చం ఫిజిక్స్ సారులా ఓపిగ్గా చదివి చెప్పేవాడు.

ప్రశ్న: మా సార్ పాఠం మధ్యలో ఆపి, మాలో మమ్మల్నే చర్చించుకోమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. వేరే సెక్షన్ సార్ గడగడా చెబుతారు, అదే బాగా అర్థమైనట్టు ఉంటుంది. సెక్షన్ మార్చుకోనా?
– బీఎస్సీ విద్యార్థి, మెహిదీపట్నం

జవాబు: తొందరపడకు నాన్నా. నీకు అనిపిస్తున్నదే 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో పరీక్షించి చూశారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు తాము ఎక్కువ నేర్చుకున్నామన్నారు. పరీక్ష పెడితే, తంటాలు పడి తామే చేసుకున్నవాళ్లకు ఎక్కువ వచ్చింది. సాఫీగా విన్నప్పుడు వచ్చే ధీమా వేరు, వచ్చిన చదువు వేరు.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే చూసుకో. మీ సార్ చెప్పిన ఒక పాఠం, స్నేహితుడి నోట్సులోంచి ఆ సార్ చెప్పిన మరో పాఠం తీసుకో. వారం ఆగి, పుస్తకం మూసి, రెండూ తెల్లకాగితం మీద రాయి. చర్చ అయ్యాక సరైన జవాబు ఏదో తేలకుండానే బెల్ కొడుతుంటే మాత్రం అది నిజమైన ఇబ్బందే. చివరి ఐదు నిమిషాలు ముగింపు చెప్పమని సార్‌ని అడుగు. నలుగురు కలిసి వెళ్లండి, ఒక్కడివే వెళ్తే ఫిర్యాదులా వినిపిస్తుంది.